కంబాలకొండకి ముందు రాత్రి

హనుమంతవాక దాటాక బస్సు కిటికీలో
కాసేపు కనపడి పోయే కొండ.
పంతొమ్మిదేళ్ళ పాసు నాది.
పేరు తప్ప దాని గురించి ఏమీ తెలీదు.

రేపు ఐదున్నరకి గేటు దగ్గర.
"బేగి వచ్చియ్యండి, ఎండెక్కితే నానాగను"
అంది పైడితల్లి, మా ఆఫీసు అటెండరు,
సెలవు దొరికితే కొండ మీదుండే మనిషి.

బల్ల మీద అన్నీ పరిచాను.
రెండు సీసాల నీళ్ళు, వేరుశనగ అచ్చులు,
అడ్డాకులో కట్టిన పులిహోర,
జలగలకని ఉప్పు పొట్లం,
బీపీ మాత్ర, మోకాలి పట్టీ, గొడుగు.
సంచీ తగిలించుకుని
వంటింటికీ వరండాకీ మధ్య ఏడుసార్లు నడిచాను.
ఎనిమిదోసారికి గొడుగు తీసేశాను.
ఆ తర్వాత పౌడరు డబ్బా.
అదెప్పుడు పెట్టానో!

బూట్లు మేనల్లుడివి.
ముందు ఖాళీలో నిన్నటి పేపరు ఉండచేసి కుక్కాను.
బంగాళాఖాతంలో అల్పపీడనం
ఇప్పుడు నా కుడి బొటనవేలి దగ్గరుంది.

సాయంత్రమైతే ఈ ఊరంతా
సముద్రం వైపే నడుస్తుంది, నేనూ అంతే.
రేపొక్కరోజు దానికి వీపు చూపించాలి.
ఏమనుకుంటుందో.

రెండింటికి మెలకువొచ్చింది.
లేసులు విప్పి, మళ్ళీ కట్టి,
మళ్ళీ విప్పుతుంటే ఫోను మోగింది.
"పడుకున్నారేటి?"
లేదన్నాను.
"నాకూ నిద్దర పట్నేదు.
ఎక్కిన పెతిసారీ ఇంతేనండి."