తొమ్మిది ఊళ్ల పట్టికకు జవాబు

ఐలా గారూ,
మీ పట్టిక అందింది.
ఏడు రోజులు, తొమ్మిది ఊళ్లు.
ఆకుపచ్చ సిరాతో గీసిన రైళ్లు
ఒక్కటీ ఆలస్యం కాలేదు మీ కాగితం మీద.
అక్కడే నాకు నవ్వొచ్చింది.

కాలికి బలపం కట్టుకుని వస్తున్నారు, సంతోషం.
కానీ ఇక్కడి రాళ్ల మీద
బలపం తొందరగా అరిగిపోతుంది.

ముందు సోమవారం కొట్టేయండి.
సోమవారం మ్యూజియాలకు తాళం,
మా ఊరి మంగలికి తాళం,
మా మరిది జెర్వాజియో నోటికి మాత్రం
ఏ వారమూ తాళం లేదు.
ఒర్వియెటో స్టేషన్ నుంచి
ఉల్లిపాయల వాసనేసే వ్యానులో
మిమ్మల్ని తీసుకొచ్చేది అతనే.
పన్నెండు కిలోమీటర్ల దారిలో
పదమూడు కిలోమీటర్ల కథ చెబుతాడు.
తల ఊపితే చాలు.

ఫ్లోరెన్సుకి ఒక పూట రాశారు.
ఒక పూటలో మీకు కనిపించేవి
ముందు నిలబడ్డవాళ్ల మెడలు.
వాటిలోనూ అందమైనవి ఉంటాయి, కాదనను,
అందుకోసం అంత డబ్బు పోయాలా?

సియెనా ఉంచుకోండి.
అక్కడి పెద్ద చౌకు గిన్నెలా పల్లంగా ఉంటుంది.
పొద్దు వాలాక ఆ ఇటుకల మీద
వెల్లకిలా పడుకోండి, ఎవరూ ఏమీ అనరు.
పగలంతా తాగిన ఎండను
ఇటుకలు నెమ్మదిగా
మీ వీపుకి అప్పజెబుతాయి.

రోము సంగతి నన్నడక్కండి.
నేను వెళ్లింది రెండే సార్లు,
రెండుసార్లూ కంటి ఆస్పత్రికి.
ఒంటికన్నుతో చూశావు కాబట్టి
సగం ధరకే వచ్చింది నీకు రోము
అనేవాడు మా ఆయన ఒత్తావియో.

పట్టిక అంచున పెన్సిలుతో
"పల్లె, అరపూట" అని ఉంది.
ఆ చేతిరాత మీది కాదు.
అడగడానికి మొహమాటపడుతున్నట్టు
చిన్న చిన్న అక్షరాలు.
తౌనో గారివే అయ్యుంటాయి.
నిజానికి ఈ ఉత్తరం ఆయనకే.

తౌనో గారూ, మా పల్లెలో చూడ్డానికేమీ లేదు.
పదకొండు గడపలు.
ఏడింటికి రొట్టెల బండి హారన్ కొడుతుంది,
చెప్పులు దొరక్కపోతే ఉత్తికాళ్లతో పరిగెత్తాలి.
జూన్ నెలైతే గోధుమచేల మీద
మిణుగురులు కింద పొలమేదో పైన ఆకాశమేదో
తెలియనివ్వవు.
ఇక చర్చి గడియారం
ప్రతి గంటనూ రెండుసార్లు కొడుతుంది,
కాసేపు ఆగి మళ్లీ మొదటినుంచి.
పాడైందనుకుంటారు కొత్తవాళ్లు.
మొదటిసారి లెక్క తప్పినవాళ్ల కోసమండీ అది.

మేమూ ఒకసారి పట్టిక వేశాం.
పెళ్లైన నాలుగో ఏడు, వెనిస్ నగరం,
నీలం సిరా, ఒక్కరోజులో పద్నాలుగు వింతలు.
రైలు దిగేసరికి కుండపోత.
స్టేషన్ చూరు కింద మెట్ల మీద కూర్చుని
ఉడకబెట్టిన గుడ్లు ఒలిచాం.
ఉప్పు మర్చిపోయాను.
ఓ కూలీ తన పొట్లం విప్పి చిటికెడు పోశాడు.
వాన తగ్గలేదు, మేం కదల్లేదు.
ఎదురుగా కాలువలో పోయే పడవల్ని
ఒత్తావియో సాయంత్రం దాకా లెక్కపెట్టాడు.
రెండొందల పదకొండు.
రాత్రి రైలుకి తిరిగొచ్చేశాం.

వెనిస్ ఎలా ఉందని అడిగిన వాళ్లందరికీ
బాగుందనే చెప్పాం.
అబద్ధం కాదు.
ఆయన పోయి ఆరేళ్లు.
నిద్రపట్టని రాత్రి నేను ఒకటి నుంచి మొదలుపెడతాను.
నూట నలభై దాటింది లేదు ఎప్పుడూ.

మీ పట్టిక తిప్పి పంపుతున్నాను.
తొమ్మిదిలో ఆరు కొట్టేశాను, కోప్పడకండి.
ఖాళీ అయిన చోట్ల ఏమీ రాయొద్దు.
పెన్సిలు గీతల మీద మాత్రం
నేనే సిరాతో దిద్దాను,
"అర" అన్న మాట వదిలేసి.

తాళంచెవి రోజ్‌మేరీ కుండీ కింద ఉంటుంది.
గుడ్లు మా కోళ్లవే.
ఈసారి ఉప్పు మర్చిపోను.

ఇట్లు,
నెరీనా