పదకొండో చుట్టు

రాత్రి మూడింటికి మూయాలె.
రిజిస్టర్‌ల ఏఈ సారు రాసిన టైము అది.
హసన్‌పర్తి దాటినంక, కాకతీయ కాలువ నుంచి
పిల్లకాలువ చీలే కాడ
ఇరవై రెండేండ్ల సంది లష్కర్‌ను నేను.
టార్చి, తాళపుచెవి, గ్రీజు డబ్బా,
భుజం మీద తువ్వాల, నోట్లె సగం ప్రార్థన.

చక్రం పదకొండు చుట్లు తిప్పితే తలుపు దిగుతది.
మొదటి నాలుగు చుట్లు నీళ్లు నమ్మవు,
అడుగు నుంచి గుంజుకుంటనే ఉంటయి.
ఐదో చుట్టుకాడ వాటి గొంతు మారుతది.

బండి ఆపి ముత్యంరెడ్డి పటేల్ దిగిండు.
"జకరయ్యా, ఒక్క గంట. ఎవలు చూస్తున్నరే?
చివరి ఆయకట్టోళ్లు నిద్రల ఉన్నరు."
ఫ్లాస్కు మూతల చాయ్ పోసిండు,
మూత కింద మడిచిన నోట్లు.
చాయ్ తాగిన. అబద్ధమెందుకు, నిద్ర ఆగుతలేకుండె.
నోట్లు మూతతోనే వాపసిచ్చిన.
"నీ ఇరవై గుంటల కౌలు గూడ
ఈ తూము కిందనే గద," అన్నడు పోతూ.

ఎరికె.
పొట్టకొచ్చిన వరి.
మడి ఒడ్డున నెర్రెలు, నా వేలు దూరేటంత.

ఒకసారి తెరిచి ఉంచిన.
రెండేండ్ల కింద, నా మడి కోసమే,
నలభై నిమిషాలు.
రిజిస్టర్‌ల మూడనే రాసిన,
అంకె గూడ అందంగనే వచ్చింది.
ఆ ఆదివారం ప్రభువు బల్ల.
రొట్టె పళ్లెం బెంచీ బెంచీ దాటి వస్తుంటే
నా చెయ్యి లేవలే. పక్కకు జరిపిన.
సువార్త ఆడోళ్ల దిక్కు నుంచి చూసింది.
ఇంటికొచ్చినంక అన్నం పెట్టింది, నీళ్లు పెట్టింది,
కూసున్నంక అడిగింది:
"ఎన్ని నిమిషాలు?"

అయ్యగారు చెప్తే విధేయత అనేది
గుడిగంటంత పెద్ద మాట లెక్క వినబడతది.
నాకు మాత్రం అది పదకొండు చుట్ల పని.
పదో చుట్టుకాడ భుజం గుంజుతది.
పదకొండోది తిప్పకున్నా ఎవలికీ తెల్వది.
బెత్తెడు సందు, సన్నటి ధార,
తెల్లారేసరికి ఒకని మడి తడుస్తది,
ఇంకొకనిది తడవది.

పదకొండు.
తాళమేసిన.
గడియారంల మూడు దాటి రెండు నిమిషాలు.
మూడని రాయబోయి, ఆగి,
ఆ రెండు గూడ రాసిన.

నీళ్లు పెద్ద కాలువలనే ముందుకు పోయినయి,
నేను ఎన్నడూ చూడని ఊళ్ల దిక్కు,
నా పేరు తెల్వని గెట్ల కాడికి.
వాళ్లు పొద్దుగాల లేచి
నీళ్లొచ్చినయి అనుకుంటరు, గంతే.

కట్ట మీద మోకాళ్లూనిన. గరుకు రాళ్లు.
ప్రభువా, నీ మాట విన్న, వానియ్యి అని అడుగుడు
కూలి తేల్చుకున్నట్టుంటది.
నాకు సిగ్గు.

అయినా అడిగిన.
ఎక్కువొద్దు, ఒక్క పెట్టు వాన.
పటేల్ మడి మీద గూడ
పడితే పడనీ.