మూడు క్లిప్పులు

ఛత్తాబజార్ సందులో మా ప్రెస్సు.
ఒకటే మెషీన్, దాని ఎడమ రోలర్ కొంచెం కుంటిది.
మెషీన్ మీద ఖలీల్ భాయ్,
కటింగ్ దగ్గర పోశెట్టి,
మడతలకీ జిగురుకీ అండాలమ్మ.
బిల్లుబుక్కూ తిట్లూ నా వంతు.

మాఘం వచ్చిందంటే
ఊరంతా ఒకేసారి పెళ్ళి చేసుకుంటుంది.
ఎప్పటికి కావాలండీ అంటే
నిన్నటికి అని నవ్వుతారు,
నవ్వుతూనే బల్ల మీద వేళ్ళతో దరువేస్తారు.

మూడేళ్ళు అందరికీ సరేనన్నాను.
సరే అనడానికి ఇంకు ఖర్చు కాదు.
తీగ మీద పదిహేడు స్లిప్పులు
పిండకుండా ఆరేసిన బట్టల్లా వేలాడేవి.
ఖలీల్ భాయ్ ఎరుపు వేసి, కడిగి,
పసుపు వేసి, కడిగి,
ఇంకెవరో గుమ్మంలో అరిస్తే మళ్ళీ ఎరుపు.
కడగడంలోనే సగం పొద్దు కిరోసిన్ వాసనై పోయేది.
మల్కాజిగిరి వాళ్ళ కవర్లు అయ్యాయి, కార్డులు కాలేదు.
టోలీచౌకి వలీమాకి ఉర్దూ వైపు ఆరింది,
ఇంగ్లీషు వైపు తెల్లగా ఉండిపోయింది.
బోడుప్పల్ కార్డు మీద వినాయకుడొక్కడే,
కింద పెళ్ళికూతురు లేదు, పెళ్ళికొడుకు లేడు.
అన్నీ మొదలయ్యాయి.
ఏదీ గడప దాటలేదు.

ఆ రాత్రే పోశెట్టి వేలు తెగింది.
పెద్దదేం కాదు, ఉస్మానియాలో నాలుగు కుట్లు.
తిరిగొచ్చేసరికి
మూడొందల కార్డుల దొంతరలో
పై పాతిక ఎర్రగా అంటుకుపోయి ఉన్నాయి.
ఎవరం ఏమీ అనలేదు.
అండాలమ్మ లేచి తీగకున్న క్లిప్పులన్నీ పీకి
కొంగులో వేసుకుంది.
మూడు వదిలింది.
"గింతే. ఎనిమిది చేతులుండె, గిప్పుడు ఏడు.
ఒకటి ఖాళీ అయితెనే ఇంకోటి తగిలియ్యి."
మరి మిగతావి?
"సొరుగుల పండుకోనీ."

మర్నాటి నుంచి నా ప్రశ్న మార్చాను.
ఎప్పటికి కావాలి అని కాదు,
ఏ రోజు దాటితే ఇది చిత్తుకాగితం?
కొందరు తలెత్తి నన్ను మొదటిసారి చూశారు.
కొందరు వేళ్ళమీద లెక్కపెట్టుకుని
ఇంకా పన్నెండు రోజులుందే అని వాళ్ళే ఆశ్చర్యపోయారు.
ఒకాయన అడ్వాన్సు వెనక్కి లాక్కుని
పక్క ప్రెస్సుకు పోయాడు, వాళ్ళు సరేనన్నారు.

శుక్రవారం సాయంత్రం
మూడు క్లిప్పులూ నిండి ఉండగా
చెప్పుల్లేని కాళ్ళతో ఒక కుర్రాడు.
రెండొందల కార్డులు. ఆదివారం దశదినకర్మ.
ఫోన్‌లో ఫోటో చూపించి అడిగాడు,
"ఇండ్ల నాయిన నవ్వుతున్నడు, ఏం కాదు గదా?"
ఏం కాదన్నాం.
సంతోష్‌నగర్ బడి వాళ్ళ జవాబు పుస్తకాలు దింపి
ఆ క్లిప్పుకు ఆ స్లిప్పు తగిలించాను.
నలుపు మీద నలుపే, కడగక్కర్లేదు,
గంట పని అన్నాడు ఖలీల్ భాయ్.

గంట పనే.
కరెంటు పోకపోతే,
వచ్చాక ఎడమ రోలర్ మొరాయించకపోతే.
బడి పుస్తకాలు సోమవారం మధ్యాహ్నానికి చేరాయి,
పొద్దున పిల్లలు విడి కాగితాల మీద
మొదటి పరీక్ష రాసేశాక.
హెడ్మాస్టర్ సత్యమూర్తిగారు ఏమీ అనలేదు.
డబ్బులు లెక్కపెట్టి ఇచ్చారు.
మళ్ళీ రాలేదు.

ఇప్పుడైనా అదే స్లిప్పు దింపుతాను.
కానీ ఆ బడి ముందు నుంచి ఆటో పోతుంటే
రోడ్డుకు అవతలి వైపు చూస్తాను.

ఇవాళ ఐదింటికి ఒక క్లిప్పు ఖాళీ అయింది.
ఎవరి బొటనవేలి నలుపో దాని మీద అట్లాగే ఉంది.
నా చెయ్యి దానంతటదే సొరుగు వైపు పోయింది.
ఖలీల్ భాయ్ సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ
"ఠైరో జీ" అన్నాడు.
అండాలమ్మ కాళ్ళు చాపుకుంది.
పోశెట్టి తన వేలి మచ్చను
వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నాడు.

ఫ్యాను గాలికి ఆ క్లిప్పు
తీగ మీద ఇంత జరిగింది,
ఆగింది.