ఆసు కాడి లెక్క

సొసైటికి ప్రెసిడెంటు ఎలక్షనట.
ఏడేండ్లకు తలుపు తెరిసిండ్రు.
లోపట ఎలుకలు కొరికిన చీరలు పాతిక,
గోడకు పాత ప్రెసిడెంటు ఫోటో, ఎండిన దండ.

మా గట్టుప్పల్ల ముగ్గురు నిలవడ్డరు.
గొడుగు గుర్తు నరహరి సారు,
తరాజు గుర్తు దామోదరు సేటు,
టార్చిలైటు గుర్తు బుచ్చిలింగం కొడుకు భానుప్రకాశ్.

నేను ఆసు మీద కూసున్న.
కుడి చెయ్యి పోతది, వస్తది,
ఒక్క చీరకు తొమ్మిది వేల మాట్లు.
చెవులైతే ఖాళీనే గద,
ముగ్గురి మాటలూ అండ్లనే వడ్డయి.

నూలు సంగతి అడిగితే
సారంటడు, సర్కారుకు కాయితం రాస్త, సబ్సిడి తెస్త.
కాయితం రాసుట్ల ఆయనను మించినోడు లేడు.
మా మామ పింఛనుకు గూడ ఆయనే రాసిండు.
కాయితం మంచిగనే ఉండె,
పైసలే రాలె.
సేటంటడు, నూలు నేనిస్త, అప్పుకు.
ఇప్పుడు గూడ ఆయనే ఇస్తుండు గద, అప్పుకు!
పిలగాడంటడు, ఫోన్ల చీరలు అమ్మిపిస్త,
నడుమల ఎవ్వలుండరు.
నడుమల ఎవ్వలు లేకుంటె
రంగు దిగిందని వాపసొచ్చిన చీర
ఎవ్వల నెత్తిన వడ్తది బిడ్డా అన్న.
ఫోను జూసుకుంట
"దానికో పాలసీ ఉంటదక్కా" అన్నడు.

మన చిటికి ఉన్నదున్నట్టు
సూరత్ల అచ్చు గుద్దుతున్నరు, మూడు నూర్లకొకటి.
సారు కేసేస్తనన్నడు.
పిలగాడు చీర చీరకు ఒక నంబరు కొట్టిపిస్తనన్నడు.
సేటు ఏమనలె, తమలపాకు నమిలిండు.
ఆయన దుకాణంల కింది అరల ఏమున్నయో నాకెర్కనే.
మా బిడ్డ పెండ్లికి పెట్టుడు చీరలు
అండ్లకెల్లే తెచ్చిన. అబద్ధమెందుకు.

మగ్గం గుంతల వానకాలం మోకాలుమంటి నీళ్లు.
కప్పలు, మేము కలిసే నేస్తం.
ముగ్గురూ షెడ్డు కట్టిస్తమన్నరు.
ముగ్గురు ఒక్క మాట అన్నరంటే
అది ఒక్కలు గూడ చెయ్యరని మా అత్త అంటుండె.
పాత బకాయి మాట ఎత్తితే మాత్రం
ఒకల దిక్కు ఒకలు జూసుకున్నరు.

చిటికి కట్టేటప్పుడు జూడుండ్రి,
రబ్బరు చుట్టిన కాడ రంగెక్కది.
ముంచి, తీసి, ఆరేసి, విప్పినంక
తెల్లగ మిగిలిందే పువ్వయితది.
మొన్న రాత్రి నిద్ర వట్టక
ముగ్గురి మాటలు గట్లనే విప్పి జూసిన.
ఒకనిది ఎరుపు, ఒకనిది పసుపు,
పిలగానిది ఏ రంగో ఇంకా తేలలె.
మూడు బట్టల్ల ఒక్క కాడనే తెలుపు.
ఆ తెలుపు చెయ్యి తీరుగున్నది,
ఆసు వోసే చెయ్యి.
దాని కూలి ఎంతనో ఒక్కలు పలుకలె.
భుజం ఇరుసు లెక్క పట్టుకుంటె
ఏ దవఖానకు వోవాల్నో పలుకలె.

సొసైటి బుక్కుల మా ఇంటాయన పేరుంది.
మా మామ పేరు గూడ ఇంకా కొట్టెయ్యలె.
నా పేరు లేదు.
సచ్చినాయనకు ఓటున్నది.

నిన్న సారొచ్చిండు, "ఈశ్వరయ్య లేడా?"
సేటొచ్చిండు, "ఈశ్వరయ్య ఏడి?"
పిలగాడు జర నయం,
అక్కా మంచిగున్నవా అని, నీళ్లు తాగి, మూతి తుడుసుకొని,
అన్న లేడా అన్నడు.
తలా ఒక కాయితం ఇచ్చి పోయిండ్రు.

ఆసు ఎడమ కాలు శాన దినాలసంది ఊగుతుండె.
మూడూ మడిచి కింద వెట్టిన.
సరిగ్గ సరిపోయినయి.

పొద్దుమీకి మా ఇంటాయన వచ్చి
కాళ్లు కడుక్కోకుంటనే అడిగిండు,
ఎవ్వనికెయ్యాల్నే అని.
ఇరవై ఆరేండ్లల్ల గిదే మొదలు అడుగుడు.
చెప్త గని,
ఆరు వేల నూట పన్నెండు కాడున్న,
జర ఆగు.