ముప్ఫై ఒకటో సంపుటం

ముందు ఫిర్యాదులు.
పదిహేడేళ్లు నడిచిన కథలో
గడిచినవి రెండే ఏప్రిళ్లు.
జీడిపాకం అంటే ఇదే, లాగినకొద్దీ సాగింది,
తెగలేదు, పళ్లకి మాత్రం అంటుకుంది.
నాలుగో సంపుటంలో వేసవి సెలవులిచ్చి
పదకొండులో గాని బడి తెరవలేదు.
ఈలోగా మా మురోరాన్‌లో
కొండ మీది హైస్కూలు పిల్లలు చాలక మూతపడింది.
గడియారాన్ని ఎవరో పట్టుకుపోయారు,
గోడ మీద గుండ్రటి తెల్లమచ్చ మిగిలింది.

నాది కటింగ్ షాపు. మూడు కుర్చీలు, ఒకటి తిరగదు.
వంతు కోసం కూర్చునేవాళ్లకని
మొదటి సంపుటం కొన్నాను.
విమర్శ రాయడానికి నాకున్న అర్హత అంతే.
ఇంకొకటి, ఏ పుటలో ఎవరి వెంట్రుకలు
ఇరుక్కున్నాయో నాకు తెలుసు.

కథ చెప్పాలంటే అరచేతిలో పడుతుంది.
మినాసెకి తొగాషి అంటే ఇష్టం.
ఆ ముక్క చెప్పాలి. చెప్పలేడు.
నోరు తెరవగానే బెల్లు,
కాకి వచ్చి అతని రొట్టె ఎత్తుకుపోవడం,
భూకంపం కసరత్తు, పక్క గదిలో ట్రంపెట్,
ఒకసారి తుమ్ము, అదీ ప్రిన్సిపాల్‌ది.
లెక్కపెట్టాను, అరవై నాలుగుసార్లు.
మధ్యలో కురుసు అనే కొత్తమ్మాయి వచ్చింది,
అయిదు సంపుటాలు వంట చేసి పెట్టి,
ఏడ్చి, రైలెక్కింది.
ఆ పిల్లకి అన్యాయం జరిగింది.
ఈ వాక్యం విమర్శ కాదు, కోపం.

మెచ్చుకోవలసినవీ ఉన్నాయి.
ఎనిమిదో సంపుటంలో ఒకే గొడుగు, ఇద్దరు,
తడుస్తున్న ఆ బయటి భుజాలకే
రెండు పుటలు. ఒక్క మాట లేదు.
అది చదువుతున్న నావికుడు ఒకడు
తన వంతు వచ్చినా లేవకుండా
వెనకవాణ్ణి కుర్చీలోకి పంపాడు.

రెండోసారి చదివితే గాని దొరకనిది ఒకటుంది.
తొగాషి మైకులో ప్రకటనలు చదివే అమ్మాయి.
బెల్లు గది తాళం ఆమె జేబులో ఉంటుంది,
మూడో సంపుటంలోనే, ఒక మూల బొమ్మలో,
తాళానికి రబ్బరు సొరచేప.
కాకికి రొట్టె రుచి మప్పింది ఎవరనుకున్నారు?
అరవై నాలుగులో నలభై తక్కువ కాకుండా
ఆ పిల్ల చేతి పనే.
ఇష్టం లేక కాదు.
చెప్పేశాక ఏమవుతుందో ఆమెకి తెలియదు.
చెప్పకముందు ఏముందో బాగా తెలుసు,
మధ్యాహ్నం, మెట్ల మీద,
అతని చెవులు ఎర్రబడటం.

ఇక్కడ పుస్తకం మూసి
కాసేపు తువ్వాళ్లు మడతపెట్టాను.

హచియా గారు ఓడల కర్మాగారంలో వెల్డింగు చేసేవారు.
ప్రతినెలా మూడో గురువారం వస్తారు.
కటింగుకి ఒక అధ్యాయం, అంతకు మించి చదవరు,
మిగతాది జుట్టు పెరిగాక, అంటారు.
పెరగడానికి ఇప్పుడు పెద్దగా ఏం లేదు.
మెడ వెనక కత్తెర ఆడుతుంటే
అద్దంలోంచి నన్ను చూసి
"షిరాతొరి గారూ, ఎప్పట్నుంచో ఒక మాట..." అంటారు.
నేను హెయిర్ డ్రయ్యర్ వేస్తాను.
ఇప్పటికి రెండు కాలిపోయాయి. ఇది మూడోది.

చివరి సంపుటం నిన్న వచ్చింది.
ముగింపు చెప్పకూడదు, అది విమర్శకి మర్యాద.
ఇంతవరకు పరవాలేదు,
అరవై అయిదోసారి బెల్లు మోగదు.
మోగని బెల్లుని గీయడం మాటలు కాదు,
పుట నిండా ఎండలో తేలే సుద్దపొడి.

అయిదుకి నాలుగు నక్షత్రాలు.
ఒకటి కురుసు పేరు మీద కోశాను.

పుస్తకం ఇంకా అరలోకి ఎక్కలేదు,
తువ్వాళ్ల అడుగున ఉంది.
హచియా గారు ఇరవై తొమ్మిదిలో ఉన్నారు.
తొందరేం లేదు.
ఇవాళ మూడో గురువారం, రేవు మీద పొగమంచు,
తలుపు గంట కదిలింది.
డ్రయ్యర్ ప్లగ్గు ఊడి కింద పడి ఉంది.
నేను తీశానని మాత్రం
ఎవరూ అనుకోవద్దు.