ఇంచు

కోస్గి జూనియర్ కాలేజీల రెండో పీరియడు.
బోర్డు మీద నాలుగు మాటలు రాసిన:
మేక్, హ్యావ్, గెట్, లెట్.
పని మనం చెయ్యం, ఇంకొకరితోటి చేయిస్తం,
అప్పుడు అక్కరకొచ్చేటియి ఇవి, అన్న.
మనకైతే ఇంత తిప్పల లేదు,
క్రియ చివర ఒక ‘ఇంచు’ తగిలిస్తే సాలు:
తవ్వు, తవ్వించు.
మొయ్యి, మోయించు.

ఎనక బెంచీల ఎవడో
"టేపుల ఇంచా సార్?" అన్నడు.
అందరు నవ్విన్రు, నేను గూడ నవ్విన.
శివలీల నవ్వలే.

తలా ఒక వాక్యం రాయమన్న.
కటింగ్ చేయించుకునుడు, బండి బాగుచేయించుడు,
గైడుల ఉన్నయే తిరగేసి పెట్టిన్రు.
ఆమె నోట్సుల మాత్రం
మై మదర్ మేడ్ మీ టు స్టడీ.

ఎర్ర పెన్నుతోటి ‘టు’ కొట్టేసిన.
మేక్ తర్వాత టు రాదమ్మా, గెట్ తర్వాత వస్తది.
"గెట్ అంటే ఏంది సార్?"
బతిమిలాడో నచ్చజెప్పో చేయించుడు.
"మరి లెట్?"
చేయనిచ్చుడు. అడ్డం రాకపోవుడు.
పెన్ను మూత కొరుక్కుంట కొంచెంసేపు ఊకున్నది.
"మా అమ్మ మూడూ చేసింది సార్.
ఏది రాయాలె?"

దానికి జవాబు నాకు చెప్పించిన సారు లేడు.
పేజీ తిప్పిన.
కింద పెన్సిలుతోటి ఇంకొకటి:
ది మేస్త్రీ హ్యాడ్ ది కెనాల్ డగ్.
మూడో రూపం సక్కగ పడ్డది.
టిక్కు పెట్టబోతుంటే అడిగింది,
"తవ్వినామె యాడున్నది సార్ ఇండ్ల?"
చెప్పకున్నా నడుస్తది, అన్న.
గ్రామర్ ప్రకారం అది నిజమే.

తల ఎత్తితే తలుపు మీద పాలరాతి పలక,
ఏడేండ్ల సంది దాని కిందికెళ్లే వచ్చి పోతున్న:
ఈ గది కట్టించినవారు అని,
పేరు, ఇంటిపేరు, తారీఖు, వాళ్ల నాయిన పేరు గూడ.
కట్టినోళ్లకు రాయి సరిపోలేదు.

"గుంత కొలిచేటప్పుడు
ఒక ఇంచు తక్కువొస్తే అమ్మకు కూలి కోస్తరు సార్,"
అన్నది, బెల్లు మోగినంక, మెల్లగ,
గ్రామర్ డౌటు అడిగినట్టే.

నోట్సు గుంజుకొని చివర్ల
బై మై మదర్ అని చేర్చింది.
అవసరం లేదు. ఉన్నా తప్పు కాదు.
పెన్ను మూత పెట్టేసిన.

రేపటి పాఠం ప్యాసివ్ వాయిస్.
ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు.