పంపు బిళ్ల

హాథర్‌బ్రుక్‌లో ఆఖరి బస్సు ఐదుంపావుకి.
అది పోయాక ఊళ్లో వెలిగేది ఒక్కటే కిటికీ,
'కుంటి గొర్రె' పబ్‌ది. లోపలికి తల వంచి రావాలి.
వంచనివాళ్ల నుదుళ్లు తగిలి తగిలి
గుమ్మం మీది దూలం నున్నబడింది.

మెరియల్ పంపు లాగుతుంది:
రెండు లాగులు, కాస్త ఆగడం, ఇంకో సగం.
ఏల్ అంటే ఐసులా ఉండదు,
నేలమాళిగ ఎంత చల్లనో అంతే.
పీపాలో అదింకా పులుస్తూనే ఉంటుంది.
పొద్దున్నే మెట్లు దిగి
చెక్కకి చెవి ఆనించి వింటుందామె,
గడప బయట అప్పులవాడి అడుగులు విన్నట్టు.

మొదటి గుక్క చేదు.
రెండోది, వానకి తడిసిన గడ్డి.
మూడోది ఎవడికి గుర్తుంటుంది?

డామినోల బల్ల దగ్గర మేం ముగ్గురం.
నాలుగో కుర్చీ ఓస్విన్ ట్రాటర్‌ది.
గొర్రెల ధర గురించి, వాన గురించి,
తన మోకాలి ఆపరేషన్ గురించి
నలభై ఏళ్లుగా ఒకటే మాట: "చూద్దాం."
మంగళవారం పూడ్చిపెట్టాం.
కుక్క మాత్రం ఏడింటికల్లా వచ్చి
బెంచీ కింద తన చోట్లో పడుకుంది.

పీపా ఖాళీ అయితే ఇక్కడ
పంపు మీది బిళ్లని వెనక్కి తిప్పేస్తారు,
అడిగి లేదనిపించుకోకుండా.
ఈ రాత్రి ఓస్విన్ తాగే ఏల్ బిళ్ల
గోడకేసి చూస్తోంది.
పీపా నిన్ననే దింపారు. నేనే ఓ చెయ్యి వేశాను.
మేమెవరం ఏమీ అనలేదు.

తొమ్మిదింటికి ఎవరో కొత్తాయన,
టోపీలోంచి నీళ్లు కారుతూ,
"అది అయిపోయిందా?" అన్నాడు.

మెరియల్ గ్లాసు తుడుస్తూ తుడుస్తూ,
"చూద్దాం" అంది.

బెంచీ కింద కుక్క తలెత్తింది.